పొట్ట మీద దిగే విమానం

సినిమాలో విమానం చక్రాలు దిగకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. నేల టిక్కెట్టు కొన్న రోజుల్నుంచీ మీరు చూస్తూనే వున్నారు. ముందు ఎర్రలైటు వెలుగుతుంది. తర్వాత పైలట్ నుదుటిమీద చెమట, క్లోజప్‌లో! లోపల హీరోయిన్, ఒక పసిపాప, ఒక స్వామీజీ, జేబులో వజ్రాలు దాచుకున్న విలన్. కింద ఫైరింజన్లు బారులు తీరి వుంటాయి. మ్యూజిక్ డైరెక్టరుగారు వున్న వయొలిన్లన్నీ ఒక్కసారి వాయించేస్తారు. విమానం పొట్టతో రన్‌వేని రాసుకుంటూ, నిప్పులు చిమ్ముతూ ఆగుతుంది. హాల్లో చప్పట్లు!

బాగానే వుంది గురూ, కానీ అసలు సంగతి వేరు. సొంత విమానాలు ఎక్కువగా వుండే అమెరికా లాంటి దేశాల్లో, చిన్న విమానం చక్రాల్లేకుండా దిగిందంటే, చాలాసార్లు అవి చెడిపోయి కాదు. పైలట్ వాటిని దించడం మర్చిపోయాడు! చెమటా లేదు, వయొలినూ లేదు. హాయిగా ఎండ కాస్తూ వుంటుంది, గాలి నెమ్మదిగా వుంటుంది. ఇవాళ ఎంత మెత్తగా దించుతున్నానో అని ఆయన లోలోపల మురిసిపోతూ వుంటాడు. చక్రాలు తగలాల్సిన ఎత్తు దాటిపోతుంది, ఏమీ తగలదు. ఆ తర్వాత కర్రర్రుమని చప్పుడు. ప్రొపెల్లర్ రెక్కలు దున్నపోతు కొమ్ముల్లా వంగిపోతాయి. నెత్తురు కారదు, ఎముక విరగదు. తలుపు తీసుకుని దిగి, తన విమానాన్ని తనే చూసుకుంటూ నిలబడతాడు.

అన్నట్టు, విమానం పొలంలో దిగడం అనగానే మన సినిమా అభిమానులకి 1993 నవంబరు 15 గుర్తొస్తుంది. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి వగైరా హేమాహేమీలు మద్రాసు నుంచి హైదరాబాద్ బయల్దేరిన ఎయిర్‌బస్సు తిరుపతి దగ్గర వరిపొలంలో దిగింది. 262 మందీ బతికి బయటపడ్డారు. అది పెద్ద విమానం, ఇంధనం అయిపోయిన కథ. అదలా వుంచండి.

సినిమాల్లో నాకు తెలిసినంతలో గొప్ప పొట్ట ల్యాండింగ్ 1949లో వచ్చిన 'ట్వెల్వ్ ఓ క్లాక్ హై'లో వుంది. హెన్రీ కింగ్ డైరెక్షన్, గ్రెగరీ పెక్ హీరో. యుద్ధంలో దెబ్బతిన్న బి-17 బాంబర్ చక్రాలు లేకుండా గడ్డిమీద జారుకుంటూ వచ్చి, గుడారాలను చీల్చుకుంటూ ఆగుతుంది. అది బొమ్మ విమానం కాదండోయ్! ట్రిక్ షాటూ కాదు. పాల్ మాంట్జ్ అనే స్టంట్ పైలట్ నిజం విమానాన్ని నిజంగానే పడేశాడు. పదిమంది సిబ్బంది ఎక్కే నాలుగింజన్ల విమానంలో ఆయనొక్కడే కూర్చుని లేపాడు, ఒక్కడే దించాడు. దీనికి ఆయనకిచ్చింది 4,500 డాలర్లు. ఆ షాటును తర్వాత వేరే సినిమాల్లోనూ వాడుకున్నారు. డబ్బులిచ్చింది మాత్రం ఒక్కసారే అనుకుంటాను! ఇదే మాంట్జ్ 1965 జూలై 8న 'ద ఫ్లైట్ ఆఫ్ ద ఫీనిక్స్' షూటింగులో, ఎడారి ఇసుకని తాకి లేవబోయిన విమానం విరిగి, చనిపోయాడు.

ఆ బి-17కే ఇంకో కథ వుంది. నాకైతే సినిమా కంటే ఇదే ఎక్కువ నచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ బాంబర్లు నడిపే పైలట్లు క్షేమంగా దిగేవారు. దిగి, రన్‌వేమీద పరుగెడుతూ, రెక్కల వెనకుండే ఫ్లాప్స్‌ను ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు! విమానం చతికిలబడేది. వీళ్లకి బుద్ధి లేదా, అలసటా అని పైవాళ్లు తల పట్టుకున్నారు. అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాక్‌పిట్‌లోకి వెళ్లి చూశాడు. చక్రాల స్విచ్చి, ఫ్లాప్స్ స్విచ్చి పక్కపక్కనే, కవలపిల్లల్లా వున్నాయి. ఆయన చక్రాలదానికి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్‌దానికి రెక్కలాంటి ముక్క తగిలించాడు. చెయ్యి తడిమితే చాలు, ఏది ఏదో తెలిసిపోతుంది. ఈనాటికీ విమానాల్లో ఆ పిడి చక్రం ఆకారంలోనే వుంటుంది.

మరి ఇంత చేశాక కూడా ఎందుకు మర్చిపోతారూ అంటే, మనిషి కనక! చక్రాలు కిందికి దిగి గట్టిగా పట్టుకున్నాక మూడు పచ్చదీపాలు వెలుగుతాయి. దించకుండా ఇంజన్ వేగం తగ్గిస్తే హారన్ మోగుతుంది. శిక్షణలో వేగం తగ్గించే విన్యాసాలు చేసినప్పుడల్లా ఆ హారన్ మోగుతూనే వుంటుంది. పక్కింటివాళ్ల కుక్క అరుపులాగా చెవికి అలవాటైపోతుంది. అందుకే దిగేముందు పైలట్లు 'గంప్స్' అని వల్లిస్తారు. మన గంపలు కాదు లెండి! పెట్రోలు, చక్రాలు, మిక్స్చర్, ప్రొపెల్లర్, సీటు బెల్టులు — ఈ అయిదింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు. పైపర్ కంపెనీ తన 'యారో' విమానంలో, పైలట్ మర్చిపోయినా వేగం తగ్గగానే చక్రాలు వాటంతటవే దిగే ఏర్పాటు చేసింది. తర్వాత కోర్టు గొడవలకి భయపడి దాన్ని తీసేయమని కంపెనీయే చెప్పింది!

నిజంగా చక్రాలు మొరాయించినప్పుడు మాత్రం పైలట్‌కి పని చాలా వుంటుంది. బొనాంజాలాంటి విమానంలో చేత్తో తిప్పే పిడి వుంటుంది, యాభై చుట్లు దాకా తిప్పాలి. అదీ పనిచెయ్యకపోతే కంట్రోల్ టవర్ పక్కనుంచి ఎగిరి, కిందనుంచి చూసి చెప్పమంటారు. ఇంధనం ఖర్చయ్యేదాకా చుట్టూ తిరుగుతారు. 2024 మే 13న ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో ఇద్దరు ప్రయాణికులతో లేచిన కింగ్ ఎయిర్ విమానం దాదాపు మూడు గంటలు ఆకాశంలో తిరిగి, పొట్టమీద దిగింది. ముగ్గురూ నడుచుకుంటూ బయటికొచ్చారు. అంతకుముందు మన దేశంలోనే, 2021 మే 6న, నాగపూర్‌లో లేస్తుండగా ఒక ఎయిర్ అంబులెన్స్ చక్రం ఊడి నేలమీద పడిపోయింది. బొంబాయిలో నురగ పరిచారు, పైలట్ పొట్టమీద దించాడు. రోగితో సహా అయిదుగురూ క్షేమం.

ఆ ఘడియలో పైలట్‌ని లాగే ఆశ ఒకటుంది, విమానాన్ని దక్కించుకోవాలని. ప్రొపెల్లర్ నేలకి తగిలిందంటే ఇంజన్ మొత్తం విప్పి చూడాల్సిందే. ఒక్కోసారి రిపేరు ఖర్చు విమానం ఖరీదును మించిపోతుంది. అందుకని కొందరు గాల్లోనే ఇంజన్ ఆపేసి, రెక్కలు అడ్డంగా నిలబెట్టి దిగాలని చూస్తారు. ఇంజన్ మిగల్చబోయి రన్‌వే అందకపోతే ఏమిటి గతి? ఆ క్షణం నుంచి విమానం ఇన్సూరెన్స్ కంపెనీది, మనుషులు మాత్రం నీవాళ్లు అని తెలిసినవాడే నా దృష్టిలో హీరో.

ఇంకో ఆశ అంతకంటే చెడ్డది. రాసుకున్న చప్పుడు వినగానే, అమ్మో అని మళ్లీ పైకి లేపడం. 2020 మే 22న కరాచీలో జరిగింది అదే. పాకిస్తాన్ సర్కారు విమానం చక్రాలు ఒకసారి దించారు, మళ్లీ ముడిచేశారు, అలాగే దిగిపోయారు. హెచ్చరికలు మోగుతూనే వున్నాయి. పైలట్లు కరోనా గురించి మాట్లాడుకుంటూ వున్నారని ఆ దేశ విమానయాన మంత్రి తర్వాత పార్లమెంటులో చెప్పాడు. ఇంజన్లు రన్‌వేకి రాసుకుని నిప్పులు రేగాయి. మళ్లీ పైకి లేపారు. దెబ్బతిన్న ఇంజన్లు రెండూ ఆగిపోయాయి, విమానం ఇళ్లమీద పడింది. 99 మందిలో 97 మంది పోయారు. అక్కడే జారి ఆగివుంటే ఎంతమంది మిగిలేవారో మీరే వూహించుకోండి.

మన డైరెక్టర్లెవరైనా చదువుతుంటే వొక్క మనవి. ఈసారి విమానం సీను తీసేటప్పుడు ఆ ఎర్రలైటు మానేయండి బాబూ. హీరో నవ్వుతూ, హీరోయిన్‌తో కబుర్లాడుతూ దించుతూ వుండాలి. వెనకాల హారన్ సన్నగా మోగుతూ వుండాలి. కెమెరా మెల్లిగా కిందికి వచ్చి, వెలగని ఆ మూడు దీపాలమీద ఆగాలి. వయొలిన్లు అక్కర్లేదు!