తెర మీద జడ

తెలుగు ఎం.ఏ. చదివినవాడికి చుట్టాల ఇళ్ళలో జీతం లేని ఉద్యోగం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. శుభలేఖలు వ్రాసిపెట్టాలి, సన్మానపత్రాలు వ్రాసిపెట్టాలి, పుట్టిన పిల్లలకు నోరు తిరిగే పేర్లు వెతికిపెట్టాలి. జీతం లేకపోయినా కాఫీ మాత్రం దొరుకుతుంది. మొన్న సంక్రాంతి సెలవులకు గుంటూరులో మా అక్కయ్యగారింటికి వెళ్ళినప్పుడు ఆ జాబితాలో మరొక పని చేరింది.

మా మేనకోడలు సెల్‌ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, "మామయ్యా, నా పాత్రకు రూపవర్ణన వ్రాశాను. ఎలా ఉందో చూడు" అన్నది.

"పాత్రేమిటే? నాటకం గాని వేస్తున్నావా?"

"నాటకమే అనుకో. స్టేజీ ఉండదు, వేషం ఉండదు, మొహానికి రంగు ఉండదు. అంతా వ్రాతే."

సంగతేమిటంటే, ఆరుగురు స్నేహితులు రాత్రి భోజనాలయ్యాక ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, కలిసి ఒక కథ ఆడుతారు. ఒక కల్పిత గ్రామం, అందులో తలకొక పాత్ర. ఎవరి పాత్ర మాటలూ చేతలూ వారే టైపు చేస్తారు. కథ ఎటు పోతుందో ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు. ఆటలో దిగేముందు ప్రతివారూ తమ పాత్ర చూడటానికి ఎలా ఉంటుందో నాలుగు మాటలు వ్రాసి మిగతా అయిదుగురికీ చూపించాలి. మా పిల్ల కొత్తగా చేరుతోంది.

ఇది నిన్నమొన్నటి వింత కాదు సుమండీ. 1978లో ఇంగ్లండులోని ఎస్సెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టగా, రిచర్డ్ బార్టిల్ అందుకుని సాగించిన ఆటలో బొమ్మ అన్నది ఒక్కటీ లేదు, అంతా అక్షరాలే. ఆ తరువాత 1990లో అమెరికాలో పావెల్ కర్టిస్ ఏర్పాటుచేసిన 'లాంబ్డామూ' అనే చోట, వచ్చినవారు తమ రూపాన్ని తామే వ్రాసుకునేవారు. ఎదుటివాడు 'చూడు' అని టైపు చేసి మీ పేరు చెబితే, మీరు వ్రాసుకున్న ఆ నాలుగు వాక్యాలూ అతనికి కనబడతాయి. అక్కడ మీరంటే అంతే. ముక్కూ మొహమూ వేరే లేవు.

సరే, మా పిల్ల వ్రాసినది చదివాను. పాత్ర పేరు వెన్నెల. మిరపచేల మధ్య ఊరు. తండ్రిది మూడెకరాల కౌలు. పిల్ల మిరపకోతకు పోతుంది. ఛాయ మేలిమి బంగారం. నీలికళ్ళు. మోకాళ్ళు దాటే జుట్టు. ఎత్తు అయిదడుగుల ఎనిమిదంగుళాలు. ఆమెను చూసినవారు రెప్ప వేయడం మరచిపోతారు. చిన్నతనంలోనే తల్లి పోయిన దుఃఖం ఆమె గుండెల్లో దాగి ఉన్నది.

"రెప్ప వేయడం మరచిపోతారని నువ్వెలా వ్రాస్తావే? ఆ రెప్ప వాళ్ళది కదా" అన్నాను.

"ప్రబంధాల్లో వ్రాయలేదా మరి?" అని నా మీదికే వచ్చింది. ఇంజనీరింగు చదివిన పిల్ల ప్రబంధాల ఊసెత్తినందుకు సంతోషించవలసిందే గానీ, ఆ పోలిక కుదరదు. పెద్దన్నగారు ప్రవరుణ్ణి ఎంత అందగాడిగానైనా వర్ణించవచ్చు. అతణ్ణి చూసి వరూధిని ఏమైపోయిందో కూడా ఆయనే చెప్పవచ్చు. ఇద్దరూ ఆయన చేతిలో వారే. ఈ ఆటలో నీ చేతిలో ఉన్నది ఒక్క మనిషి. నిన్ను చూసి మురిసిపోవాలో మొహం చిట్లించుకోవాలో ఎదుటివాడి ఇష్టం. అది కూడా నువ్వే వ్రాసేస్తే వాడికి ఆట ఎక్కడ మిగిలింది?

ఇక గుండెల్లో దాగిన దుఃఖం. దాగితే నలుగురికీ ఎలా కనబడుతుంది? చచ్చిపోయిన తల్లి ముక్కుపుడక దారానికి కట్టి మెళ్ళో వేసుకున్నదనుకో. ముక్కుకు పెట్టుకోవలసినది మెళ్ళో ఎందుకున్నదని ఎవడో ఒకడు అడుగుతాడు. అడిగిన రోజున చెప్పుకోవచ్చు. గిరీశం ముక్కు ఎలా ఉంటుందని మా క్లాసులో అడిగితే నలభైమంది నలభై రకాల ముక్కులు చెబుతారు. చుట్ట మాత్రం అందరికీ ఒక్కటే.

ఈ కిటుకు మనవాళ్ళకు ఎప్పుడో తెలుసు. కూచిపూడివారి భామాకలాపం ఉన్నది గదా, సిద్ధేంద్రయోగి పేరు మీద వచ్చినది. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. సత్యభామ తెర వెనక ఉంటుంది. మొహం కనబడదు. ముందు ఆవిడ జడ వచ్చి తెర మీద పడుతుంది. ఆ జడతోనే అందమూ, అభిమానమూ, ధిక్కారమూ మూడూ సభలోకి వచ్చేస్తాయి. ఆ తరువాతగాని ప్రవేశదరువు అందుకుని తానెవరో చెప్పుకోదు. అంత సత్యభామగా జనాన్ని ఒప్పించిన వేదాంతం సత్యనారాయణశర్మగారు మగవారు, 2012లో పోయారు. మన బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావుగారూ అంతే. తెనాలి రామవిలాస సభ నాటకాల్లో ఆయన సత్యభామగా వస్తే, లోపల ఉన్నది మగమనిషని తెలిసి కూడా జనం సత్యభామనే చూశారు. రూపమన్నది ఒంటికి పుట్టుకతో వచ్చినది మాత్రమే అయితే అది సాధ్యమేనా?

కాని మా పిల్ల ఆటకు వీరికన్న దగ్గరి చుట్టం బుర్రకథ. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి 1997లో కన్నుమూసిన షేక్ నాజర్‌గారిని తలచుకోండి. తంబురా, గజ్జెలు, అదే తలపాగా, అదే అంగరఖా. పల్నాటి యుద్ధం చెబుతూ ఒక నిమిషం రాజు, మరొక నిమిషం తల్లి. వేషం మార్చే వ్యవధి లేదు. మాటతోనే మనిషి మారాలి. అటూ ఇటూ వంతలు ఉండనే ఉన్నారు, మధ్యలో ఆపి ప్రశ్న వేయడానికి. కథకుడు వంతకు ప్రశ్న మిగల్చకుండా అంతా తానే చెప్పేస్తే ఆ వంత గుమ్మెట వాయించుకుంటూ కూర్చోవలసిందే.

"అసలు మిరపకోతకు పోయే మనిషిని దగ్గరగా చూశావా?" అని అడిగాను.

"బస్సులోంచి చూశాను."

చెప్పాను. చీర మీద మగవాళ్ళ పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుంటారు. తలకూ మొహానికీ గుడ్డ చుట్టుకుంటారు. కళ్ళు తప్ప ఏమీ కనబడవు. పండుకాయ కోసిన చేతులు రాత్రిదాకా మండుతాయి. ఆ చేత్తో కళ్ళు నులుముకోకూడదు, చంటిపిల్లను ఎత్తుకోకూడదు. పత్తితీతకు పోతే ఇంకొక రకం. ఎండి విచ్చిన కాయ మొనలు వేళ్ళ కొసలు గీరేస్తాయి. చేతులు చూసి ఎవరు ఏ చేలోంచి వచ్చారో చెప్పవచ్చు. ఇంత సరుకు పెట్టుకుని నీలికళ్ళు ఎందుకే?

అక్కడితో ఊరుకోవలసింది. నోరూరుకుందా? "అయినా పగలంతా ఎండలో ఉండే పిల్లకు మేలిమి బంగారు ఛాయ ఎక్కణ్ణించి తెచ్చావు?" అన్నాను.

పిల్ల ఫోను వెనక్కి తీసుకుని, నెమ్మదిగా, "నువ్వు నాకు ఎక్కణ్ణించి తెచ్చావు మామయ్యా?" అన్నది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

పాఠకులకు ఈ మాట అర్థం కావాలంటే క్రిందటి దసరా సంగతి చెప్పాలి. మా అక్కయ్య పెళ్ళిసంబంధాలకు పంపడానికి పిల్ల వివరాలు వ్రాసిపెట్టమన్నది. వ్రాసేవాణ్ణి నేనే కదా. చదువు, గోత్రం, ఎత్తు అన్నీ ఉన్నవున్నట్టు వ్రాశాను. ఛాయ దగ్గరకు వచ్చేసరికి కలం ఆగింది. మా పిల్ల నలుపు. మా అమ్మ పోలిక. 'చామనఛాయ' అని వ్రాసినా సగం అబద్ధమే. నేను ఏకంగా 'పసిమి ఛాయ' అని వ్రాశాను. తెలుగు ఎం.ఏ. కదా, మాటలకు లోటేమిటి?

పెళ్ళివారు వచ్చారు. పిల్ల కాఫీలు తెచ్చింది. పెళ్ళికొడుకు తల్లి పిల్ల మొహం చూసింది, చేతిలో కాగితం చూసింది, మళ్ళీ మొహం చూసింది. కాఫీ తాగి వెళ్ళారు. మరి కబురు లేదు. జాతకాలు కుదరలేదని మా అక్కయ్య అందరితోనూ చెప్పింది. పిల్ల ఏమీ అనలేదు, ఆ రోజూ అనలేదు, ఆ తరువాతా అనలేదు. ఇప్పుడు నా ముందుకు వచ్చిన వెన్నెల రంగు ఎవరి దగ్గర నేర్చుకున్నదో నాకు తెలిసింది. నాకు సమాధానం దొరకలేదు. పేపరు అడ్డం పెట్టుకున్నాను.

రాత్రి తొమ్మిదింటికి తానే వచ్చి నా పక్కన కూర్చున్నది. వెన్నెల పోయి కోటమ్మ వచ్చింది. వర్ణన అయిదు ముక్కలు. కోటమ్మ వస్తోందంటే ముందు తుమ్ములు వస్తాయి. చీర మీద అన్న పాత చొక్కా, మోచేయి దగ్గర చిరుగు. మెళ్ళో దారానికి ముక్కుపుడక. నల్లటి మనిషి, నవ్వితే పన్ను మీద పన్ను. నిలబడి మాట్లాడేటప్పుడు చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంటుంది.

ఆట మొదలయింది. నేనూ చూస్తూ కూర్చున్నాను. కోటమ్మ ఊళ్ళోకి అడుగు పెట్టగానే ఎక్కడో అమెరికాలో కూర్చున్న పిల్ల తన పాత్ర చేత మూడుసార్లు తుమ్మించింది. టీకొట్టువాడు గ్లాసు అందించాడు. కోటమ్మ అందుకోలేదు, బల్ల మీద పెట్టమన్నది. చేతికిస్తే పుచ్చుకోవేమని వాడికి రోషం వచ్చింది. పక్కనున్న ఇద్దరూ వాడివైపు చేరారు. మా పిల్ల వెంటనే జవాబు వ్రాయలేదు, నవ్వుకుంటూ కాసేపు వాళ్ళను తన్నుకోనిచ్చింది. అప్పుడు చేతులు ముందుకు తెచ్చి చూపించింది. టీ చల్లారిపోయిందిగానీ, ఒక్క గ్లాసు మీద అరగంట కథ నడిచింది. ముక్కుపుడక సంగతి ఆ రాత్రి ఎవరూ అడగలేదు. రేపు అడుగుతారులే అన్నది.

తెల్లవారి కాఫీ దగ్గర మా అక్కయ్య పాత కాగితం మళ్ళీ తెచ్చింది. నరసరావుపేట నుంచి ఎవరో అడిగారట. "ఒరేయ్, ఆ ఛాయ అన్నచోట..." అని ఆగిపోయింది. నేను జేబులోంచి కలం తీశాను. మా మేనకోడలు చెయ్యి చాపి నా చేతిలోని కలం తీసుకున్నది. "నువ్వు కాఫీ తాగు మామయ్యా" అన్నది.