మీటర్‌లో ఇరవై అయిదు!

మొన్నొక కుర్రాడు ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్నగారిది ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్. "అంకుల్, నాన్న కంపోజ్ చేసిన పుస్తకాలన్నీ పాత కంప్యూటర్లోనే ఉండిపోయాయి. ఫ్లాపీ పనిచేయదు, యూఎస్‌బీ లేదు. పక్క కంప్యూటర్లోకి కాపీ చేద్దామంటే నెట్‌వర్క్ పలకట్లేదు. ల్యాన్ టెస్టర్ కొన్నా, ఇది అందులో దూరనే దూరదు!"

దూరదు మరి. అది 10బేస్2 కేబుల్. చూడ్డానికి టీవీ వైరులా ఉంటుంది. పెళ్ళి పందిట్లో సీరియల్ సెట్ లాంటిది, ఒక్కచోట తెగితే లైనంతా మూగబోతుంది. సిగ్నల్ చివరిదాకా వెళ్ళి వెనక్కి తన్నకుండా రెండు కొసల్లోనూ 50 ఓమ్‌ల టెర్మినేటర్లు ఉండాలి.

దీనికి ఇంట్లో ఉండే మల్టీమీటర్ చాలు. కంప్యూటర్లు ఆపేసి, మీటర్‌ని ఓమ్‌లలో 200 దగ్గర పెట్టండి. కార్డు నుంచి 'టీ' ముక్క ఊడదీసి ఒక ప్రోబ్ మధ్య సూదికి, రెండోది బయటి లోహానికి ఆనించండి. రెండు యాభైలు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి 25 చూపించాలి. కేబుల్ పొడుగైతే కాస్త ఎక్కువ. 50 వస్తే ఒకవైపు తెగినట్టు. సున్నా దగ్గర ఉంటే షార్ట్. అంకే రాకపోతే రెండువైపులా పోయినట్టే.

మాకు 50 వచ్చింది. ఇటువైపు టెర్మినేటర్ తీసేస్తే అవతలిది కనిపించాలి కదా, కనిపించలేదు. అవతలికెళ్ళి దాన్ని విడిగా కొలిస్తే శుభ్రంగా 50. అంటే తప్పు కేబుల్‌దే. అన్నీ మళ్ళీ బిగించి, "నువ్వు మీటర్ చూస్తూండు" అని నేను ఒక్కో ప్లగ్గూ కదిపాను. అవతలి ప్లగ్గు దగ్గర "ఇరవై అయిదు!" అని అరిచాడు. వదిలితే మళ్ళీ యాభై. ఆ కొస కత్తిరించి కొత్త ప్లగ్గు వేశాం.

ఒక్క జాగ్రత్త. 75 ఓమ్‌ల టీవీ కేబుల్ వాడినా మీటర్ పట్టుకోలేదు. తొడుగు మీద ఆర్‌జీ-58 అని ఉందో లేదో చదువుకోవాల్సిందే.

ఫైళ్ళు వచ్చాయి. తెరిస్తే అన్నీ పిచ్చిగీతలు! కుర్రాడి మొహం వాడిపోయింది. ఆ పాత ఫాంట్ కూడా తెచ్చి వేశాక తెలుగు కనిపించింది. మొదటి పేజీ చివర వాళ్ళ నాన్న పేరు.

మీ అటక మీదా అలాంటి పెట్టె ఉంటే, హార్డ్‌డిస్క్ పోకముందే దించండి.