పురుగు నేర్చినదేమీ లేదు

బీటీ పత్తి విషానికి గులాబీ రంగు పురుగు చావడం మానేసిన నాటి నుంచి, అది ఆ విషానికి క్రమంగా అలవాటుపడి తట్టుకోవడం నేర్చుకున్నదనే వివరణ రైతుల మాటల్లోనూ పత్రికల రాతల్లోనూ స్థిరపడిపోయింది. అవసరం ఏర్పడితే దానికి తగిన మార్పు దేహంలో కలిగి సంతానానికి సంక్రమిస్తుందనే ఈ భావన 1809లో లామార్క్ చెప్పిన సిద్ధాంతానికి దగ్గరి చుట్టమే గాని, 1859లో డార్విన్ గ్రంథరూపంలో వెలువరించిన ప్రకృతి వరణంతో దానికి పొత్తు కుదరదు.

ఒకే జాతి జీవుల మధ్య ముందే ఉన్న వారసత్వ భేదాల్లో, ఆనాటి పరిస్థితిలో ఎక్కువ సంతానాన్ని మిగల్చగలిగినవి తరతరానికీ పెరుగుతూ పోవడమే ప్రకృతి వరణం. ఆ భేదాలకు మూలమైన ఉత్పరివర్తన, అంటే జన్యుపదార్థంలో కలిగే మార్పు, జీవి అవసరాన్ని చూసి రాదు. 1952లో లెడర్‌బర్గ్ దంపతులు బాక్టీరియా పెరిగిన పళ్లేనికి మఖమలు గుడ్డ అద్ది, ఆ ముద్రను స్ట్రెప్టోమైసిన్ కలిపిన పళ్లెంపై వేసి, అక్కడ బతికినవి ఏ చోట మొలిచాయో గుర్తించి, మందు తగలని మొదటి పళ్లెంలో అదే చోటి నుంచి బాక్టీరియాను తీసి పెంచారు. ఇలా పదేపదే ఏరగా, మందు ఎన్నడూ ఎరుగని వంశంలోనే దాన్ని తట్టుకునే బాక్టీరియా దొరికింది.

చేలో జరిగిందీ ఇదే. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా నుంచి పత్తిలోకి చేర్చిన జన్యువు తయారుచేసే విషం, పిల్లపురుగు పేగు గోడలోని కాడ్హెరిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకున్నప్పుడే దాన్ని చంపుతుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు చెడిన పురుగులో విషానికి పట్టు దొరకదు. మామూలు పత్తిలో ఏ ప్రయోజనమూ లేని ఆ లోపం, 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక, తక్కిన పురుగులన్నీ చచ్చే చేలో బతుకుతెరువయింది. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి విషం విఫలమైనట్లు బయటపడింది. 2006లో వచ్చిన రెండు విషాల పత్తికీ తరువాత అదే గతి పట్టి, తెలుగు రాష్ట్రాల చేలలోనూ విచ్చుకోని గుడ్డి పూలు, లోపల గింజ తిన్న కాయలు కనిపించాయి.

అవసరమే కారణమైతే, అదే విషాన్ని ఎదుర్కొన్న శనగపచ్చ పురుగు కూడా అదే దారి పట్టవలసింది. కాని అది పత్తిపై ఆ విషాన్ని ఇంత విరివిగా తట్టుకోలేదు. కంది, శనగ, టమాటా వంటి పంటలపై బతికే దాని బంధువర్గం విషానికి దూరంగా పెరిగి, పత్తిలో మిగిలిన వాటితో జతకట్టింది. తట్టుకునే గుణం చాలావరకు అంతర్గతం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే బయటపడేది, కనుక అలాంటి జతల పిల్లలు విషానికి లొంగిపోతాయి. ఆహారానికి దాదాపు పత్తినే నమ్ముకున్న గులాబీ రంగు పురుగుకు అలాంటి బంధువులు మిగలలేదు.

విషం సోకినప్పుడు కొన్ని పురుగులు దాన్ని విరిచే ఎంజైములను ఎక్కువగా తయారుచేసుకోవడం నిజమే అయినా, ఆ తాత్కాలిక స్పందన జన్యువును మార్చదు గనుక తరాల మార్పుకు అది జవాబు కాదు. నేర్చుకున్నదనే వాదంలోని అసలు నష్టం, నిరోధాన్ని, అంటే విషాన్ని తట్టుకునే గుణాన్ని, తప్పించరాని విధిగా చూపించి, మందు మోతాదు పెంచడమే మార్గమనిపించడం. బీటీ విత్తనంతో పాటు ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం విషానికి లొంగే పురుగులను బతికించి ఉంచడానికి ఉద్దేశించినదే అయినా, చాలా చేలలో ఆ గింజలు భూమిలో పడలేదు. 1996 నుంచి బీటీ పత్తి వేసిన అరిజోనాలో రైతులు నాన్ బీటీ చేలను నిలబెట్టగా నిరోధం ఏళ్ల తరబడి అరుదుగానే ఉండిపోయింది. తరువాత సంతానశక్తి లేకుండా చేసిన రెక్కల పురుగులను కూడా వదలడంతో, 2018లో ఆ పురుగు అమెరికా పత్తి ప్రాంతాల నుంచి తొలగిపోయినట్లు అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఒకే జాతి, ఒకే విషం, రెండు ఫలితాలు అయినప్పుడు, తేడాను పురుగు తెలివిలో వెతకడం వృథా. ఏ పురుగులను చంపామో, ఏ పురుగులను సంతానానికి మిగిల్చామో ఆ లెక్కలోనే అది ఉంది.