బండ్లపల్లి అనూష.. మళ్లీ టీమిండియా పిలుపు రావాలంటే?

నార్పల మండలం బండ్లపల్లి అంటే 2006లో ఉపాధి హామీ పథకం మొదలైన ఊరు. 2023 జులైలో ఆ ఊరి అమ్మాయి బారెడ్డి అనూష బంగ్లాదేశ్ టూర్‌లో భారత్ తరఫున టీ20, వన్డే రెండింట్లోనూ అరంగేట్రం చేసింది. అనంతపురం ఆర్డీటీ గ్రౌండ్‌లో రాటుదేలిన లెఫ్టార్మ్ స్పిన్ ఆల్‌రౌండర్ ఆమె.

ఇప్పుడు పోటీ గట్టిగా ఉంది. రాధా యాదవ్‌తో పాటు 2025 వరల్డ్‌కప్ గెలిచిన జట్టులోని కడప అమ్మాయి శ్రీచరణి కూడా లెఫ్టార్మ్ స్పిన్నరే. కాబట్టి వికెట్లు ఒక్కటే చాలవు, బ్యాట్‌తోనూ రాణించాల్సిందే.

మరో చిక్కూ ఉంది. 2025లో ఆర్డీటీకి విదేశీ నిధుల అనుమతి రెన్యువల్ చేయాలంటూ జిల్లాలో జనం రోడ్డెక్కారు. గుమ్మఘట్ట లాంటి కరువు మండలాల పిల్లలకు ఆ గ్రౌండ్, కోచింగ్ దూరమైతే మరో అనూష రావడం కష్టమే.