లైబ్రరీ చదువు కౌంటర్ దగ్గర తేలాలి

విశ్వనాథ సత్యనారాయణ పుస్తకాన్ని కేటలాగులో ‘వి’ కింద పెట్టాలా, ‘స’ కింద పెట్టాలా? విశ్వనాథ ఇంటిపేరని తెలిసినవారు తడుముకోరు. చివరి మాటే ఇంటిపేరనుకుని నమోదు చేస్తే, ‘వేయిపడగలు’ కోసం వచ్చిన పాఠకుడు ఉత్తచేతులతో వెనుదిరగాల్సి వస్తుంది. శ్రీశ్రీ అని వెతికినా, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికినా ఒకే చోటికి చేరాలి. లైబ్రరీ సైన్స్ పీజీ కోర్సు నాణ్యత నా లెక్కలో ఇలాంటి చోటే బయటపడుతుంది. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలను విద్యార్థి పరీక్షలో అప్పజెబితే సరిపోదు. పాఠకుడి కాలాన్ని ఆదా చేయమన్న నాలుగో సూత్రాన్ని కౌంటర్ దగ్గర పాటించి చూపాలి. ‘వ్యవసాయం పుస్తకం ఉందా?’ అని అడిగిన రైతుకు నిజంగా కావలసింది మిరప తెగులు గురించిన సమాచారమని నాలుగు మాటల్లో రాబట్టడం కూడా నేర్పాల్సిన విద్యే. అందుకే ప్రతి విద్యార్థీ గ్రంథాలయ నిర్వహణకు వాడే కోహా సాఫ్ట్‌వేర్‌ను స్వయంగా నడపాలి. కనీసం వంద తెలుగు పుస్తకాలను తన చేత్తో వర్గీకరించాలి. ఒక సెమిస్టర్ మొత్తం ఏదైనా శాఖా గ్రంథాలయంలో, అనుభవజ్ఞుల పక్కన పనిచేయాలి. ఏటా నోట్సు చదివి వినిపించే అధ్యాపకుడు కాదు, పాఠకులను ఎరిగిన అధ్యాపకుడు ఉండాలి. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టుకుని, ఆ తర్వాత కృష్ణా కాలువల మీద పడవల్లో పల్లెలకు పుస్తకాలు చేర్చిన నేల మనది. ఆ వారసత్వం నిలవాలంటే పట్టాల సంఖ్య పెరిగితే చాలదు. పుస్తకాన్నీ మనిషినీ కలపగల చేతులు తయారవ్వాలి.