తలకు దెబ్బ తగిలిన ఇల్లాలు

పటాన్‌చెరు దాటి ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం మీదుగా సంగారెడ్డికి సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై మేము తరచూ చూసే దృశ్యమే ఇది. పాశమైలారం పరిశ్రమల లారీల నడుమ ఒక మోటారు సైకిలు. భర్త తలపై హెల్మెట్, వెనుక బిడ్డను ఒడిలో పెట్టుకున్న ఇల్లాలి తలపై హిజాబ్ మాత్రమే! మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ప్రకారం వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి. పిన్నులు తలపైకి రాకుండా కట్టుకున్న పల్చని హిజాబ్ మీద అది చక్కగా అమరుతుంది. బురఖా అంచు చక్రంలో పడకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం.

మెదడుకు గాయమైతే స్త్రీలు త్వరగా కోలుకుంటారన్న ఆశ వైద్యరంగంలో కొంతకాలం బలంగా ఉండేది. ఆడ ఎలుకల మెదడులో వాపు తక్కువగా ఉండటాన్ని అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త డొనాల్డ్ స్టెయిన్ గమనించారు. అందుకు ప్రొజెస్టిరాన్ హార్మోను కారణమని భావించి, దానిని రెండు పెద్ద ప్రయోగాలలో 2,000 మందికి పైగా రోగులపై పరీక్షించారు. 2014లో ఫలితాలు వెలువడ్డాయి. ప్రయోజనం కనిపించలేదు.

ఐరోపాలో జరిగిన సెంటర్-టీబీఐ అధ్యయనం మరో సంగతి తెలిపింది. స్వల్ప గాయం తగిలినవారిలో, ఆరు నెలల తరువాత కూడా స్త్రీల పరిస్థితే పురుషుల కంటే అధ్వానంగా ఉంది. తీవ్రగాయాలలో ఆ తేడా అంతగా కనిపించలేదు. అంటే, "సీటీ స్కాన్‌లో ఏమీ లేదు" అని ఇంటికి పంపిన స్త్రీ విషయంలోనే కుటుంబం ఎక్కువ జాగ్రత్త వహించాలి. స్కాన్‌కు చిక్కని గాయాలూ ఉంటాయి.

ఆమె వంటింట్లో ఏదో మరచిపోతుంది, చిన్న శబ్దానికే విసుక్కుంటుంది, రాత్రంతా మేలుకొని ఉంటుంది. ఇల్లంతా దానిని సోమరితనమంటుంది, లేదా నజర్ తగిలిందంటుంది. దుఆ చేయండి, రుఖ్యా చదవండి. దాని పేరుతో డాక్టరు దగ్గరకు వెళ్లడం మాత్రం వాయిదా వేయకండి. చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (సల్లం) బోధనే. మాటిమాటికీ వాంతులు, మత్తు, మూర్ఛ, ఒక చెయ్యి లేక కాలు పట్టు తప్పడం, తలనొప్పి అంతకంతకూ పెరగడం కనిపిస్తే ఒక్క క్షణం కూడా ఆగక 108కు ఫోను చేయాలి.

నిలబడితే తల తిరిగే స్త్రీ కూర్చొని నమాజు చేయవచ్చు. రోగికి రోజాలను తరువాత పూర్తిచేసుకునే వెసులుబాటును అల్ బఖరా సూరా 185వ ఆయత్ ఇచ్చింది. అల్లాహ్ ఇచ్చిన ఈ సౌలభ్యాన్ని అత్తగారు, ఆడబిడ్డలు కాదనడం ఏమి న్యాయం?

ఫ్యాక్టరీలో పనిచేసే సోదరీమణులకు మరొక మాట. వేళ, దారి ఉద్యోగంతో ముడిపడి ఉన్నాయని తేలితే, డ్యూటీకి వెళ్లివచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా చట్టం ఉద్యోగ ప్రమాదంగానే పరిగణిస్తుంది. కనుక తలకు దెబ్బ తగిలిన రోజే యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలియజేయండి, ఆస్పత్రి కాగితాలను భద్రపరచండి.