పండుగ రోజులు, బడి రోజులు



డిసెంబరు వచ్చిందంటే మన పల్లెల్లో సందడి చెప్పనక్కరలేదు. ఇంటి మీద నక్షత్రం వెలుగుతుంది. గోడలకు సున్నాలు వేస్తాము, కొత్త బట్టలు కుట్టడానికి ఇస్తాము, రాత్రిళ్ళు క్యారల్స్‌కు తిరుగుతాము. సండేస్కూలు పిల్లలకు పాటలు, నాటికలు, కంఠత వాక్యాలు. ఇదంతా సంతోషమే. అయితే ఈ సంతోషంలో మనం గమనించని సంగతి ఒకటి ఉంది. క్రిస్మస్ ముందు మొదలై సంక్రాంతి దాకా మన పిల్లలు చాలామంది బడికి సరిగా వెళ్ళరు. ఈ నెల దాని గురించి మాట్లాడుకుందాము. ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

చాలా ఏళ్ళ క్రితం సంగతి. అప్పుడు మేము ఒక చిన్న గ్రామంలో సేవలో ఉన్నాము. మావారు సంఘకాపరి, నేను సండేస్కూలు చూసుకొనేదాన్ని. ఆ యేటి క్రిస్మస్ నాటికలో గొఱ్ఱెల కాపరి వేషం అయిదో తరగతి చదివే ఒక బాబుకు ఇచ్చాను. వాడికి మాటలు సరిగా రావడం లేదని రెండు రోజులు బడి మాన్పించాను. వాళ్ళమ్మకు చదువు రాదు. సెలవు చీటీ నేనే రాసిపెట్టాను. జ్వరంగా ఉన్నందున రాలేకపోతున్నాడని రాశాను. అందరూ అలాగే రాస్తారు కదా అనుకున్నాను.

రెండో రోజు సాయంత్రం చర్చి ఆవరణలో రిహార్సల్ జరుగుతోంది. బాబు తలకు తువాలు చుట్టుకొని చేతిలో కర్రతో నిలబడి ఉన్నాడు. ఇంతలో వాళ్ళ మాస్టారు సైకిలు దిగి లోపలికి వచ్చారు. చేతిలో బ్రెడ్డు పొట్లం, రెండు బత్తాయిలు. ఇంటికి వెళితే బాబు లేడని, వెదుక్కుంటూ ఇటు వచ్చారట. ఆయన మన విశ్వాసి కాదు. వాణ్ణి చూశారు, కర్రను చూశారు, నన్ను చూశారు.

"జ్వరం తగ్గిందా నాన్నా?" అని అడిగారు.

వాడు నా ముఖం వైపు చూసి, "తగ్గిందండి" అన్నాడు.

ఆ బ్రెడ్డు, పండ్లు వాడి చేతిలో పెట్టి ఆయన వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రభువు పుట్టుక కథ చెప్పే నాటిక కోసం ఒక పసివాడికి అబద్ధం నేర్పాను. మరునాడు బడికి వెళ్ళి, చీటీ రాసింది నేనేనని మాస్టారి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. "అమ్మగారూ, పండుగ కోసమని రాస్తే నేను కాదంటానా? కాకపోతే ఈ రెండు రోజుల్లోనే భిన్నాల కూడిక మొదలుపెట్టాను. వాడికి మళ్ళీ ఎవరు చెబుతారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అబద్ధానికి క్షమాపణ అడగగలిగాను గాని, పోయిన పాఠం వాడికి తెచ్చి ఇవ్వలేకపోయాను.

ఇప్పుడు సెలవుల లెక్క చూద్దాము. క్రైస్తవ మైనారిటీ పాఠశాలలకు క్రిస్మస్ సెలవులు ఎక్కువ, సంక్రాంతి సెలవులు తక్కువ. మన పల్లె పిల్లలు ఎక్కువమంది చదివేది సర్కారు బడుల్లో. అక్కడ క్రిస్మస్‌కు ఒకటి రెండు రోజులే సెలవు, పెద్ద సెలవులు సంక్రాంతికి ఇస్తారు. క్రిస్మస్ మరునాడు తెలంగాణలో సాధారణ సెలవు, ఆంధ్రప్రదేశ్‌లో అది ఐచ్ఛిక సెలవుల్లో చేరింది. అంటే 25వ తేదీ పండుగ అయిపోయాక మన బిడ్డ మళ్ళీ బడికి వెళ్ళవలసిందే. కాని ఏమి జరుగుతోంది? ఇరవయ్యో తేదీకే అమ్మమ్మగారి ఊరికి బయలుదేరతారు. పండుగ, తరువాత 31 రాత్రి ఆరాధన, నూతన సంవత్సరం, జనవరి మొదటి వారం ప్రార్థనలు. "ఎలాగూ సంక్రాంతి సెలవులు వస్తున్నాయి కదా, అవి అయ్యాకే పంపుదాములే" అంటారు. డిసెంబరు 20న మానిన పిల్లవాడు సంక్రాంతి తరువాత గాని తరగతిలో కనబడడు. ఆదివారాలు, పండుగ సెలవులు తీసివేసినా, సంక్రాంతి సెలవులు మొదలయ్యే లోపు సుమారు 15 పనిదినాలు పోయినట్లే.

పదిహేనే కదా అనుకోకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుండి 5 తరగతులకు ఏడాదికి 200, 6 నుండి 8 తరగతులకు 220 పనిదినాలు ఉండాలి. 220లో 75 శాతం అంటే 165 రోజులు. మిగిలినవి 55. వానలకు, జ్వరాలకు, పెండ్లిళ్ళకు, పత్తి తీతలకు మానేదంతా ఆ 55లోనే. అందులో నాలుగో వంతుకు పైగా ఒక్క పండుగకే ఖర్చయిపోతుంది. పదో తరగతి వారికైతే పబ్లిక్ పరీక్షలు మార్చిలో. పాఠాలు ముగించి మళ్ళీ చదివించే కాలం ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అమ్మఒడి సొమ్ముకు 75 శాతం హాజరు నిబంధన అమలు చేసినప్పుడు, ఎన్నడూ బడి గుమ్మం ఎక్కని తల్లులు కూడా వెళ్ళి హాజరు లెక్క అడగడం నేను చూశాను. సొమ్ము కోసం అడిగిన లెక్క బిడ్డ కోసం అడగకూడదా?

మన పెద్దలను జ్ఞాపకం చేసుకొనండి. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు సువార్తతో పాటు బడులు కూడా ప్రారంభించారు. తరువాతి కాలంలో ఎన్నో పల్లెల్లో ఒకే తాటాకు పాక ఆరు రోజులు బడిగా, ఆదివారం గుడిగా ఉండేది. పాఠం చెప్పే పంతులుగారే ప్రార్థన నడిపేవారు. వేరెవరూ పలక చేతికివ్వని దినాల్లో మన తాతలకు అక్షరం దొరికింది ఆ పాకలోనే. అటువంటి సంఘం ఇప్పుడు బిడ్డలను బడి మాన్పించేదిగా ఉండవచ్చునా?

లూకా సువార్త రెండవ అధ్యాయం చివరి భాగం తీసి చదవండి. యోసేపు మరియలు ఏటేటా పస్కా పండుగకు యెరూషలేము వెళ్ళేవారు. పన్నెండేళ్ళ బాలుడైన యేసును కూడా తీసికొని వెళ్ళారు. దూర ప్రయాణమైనా పండుగ మానలేదు. ఆ దినాలు ముగియగానే ఊరికి తిరుగుముఖం పట్టారు. పండుగకు మొదలు ఉన్నట్టే ముగింపు కూడా ఉందని వారికి తెలుసు. బిడ్డ గుంపులోనే ఉన్నాడనుకొని ఒక దినప్రయాణం నడిచారు. మనము కూడా "చదువుకుంటున్నాడులే" అనుకొని నెల రోజులు నడిచిపోతున్నాము. వారు వెనుకకు వెళ్ళి వెదికారు. ఆయన ఎక్కడ కనబడ్డాడు? బోధకుల మధ్య కూర్చుండి, వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనబడ్డాడు. తరువాత నజరేతుకు వెళ్ళి తల్లిదండ్రులకు లోబడి, జ్ఞానమందు ఎదిగాడు.

ఇక మనము చేయదగినవి కొన్ని చెబుతాను.

జూన్‌లో బడి తెరిచినప్పుడే సెలవుల పట్టిక అడిగి తెచ్చుకొని గోడకు అంటించండి. సంఘ కమిటీ డిసెంబరు కార్యక్రమాలు నిర్ణయించేటప్పుడు ఆ పట్టిక ఎదుట ఉంచుకోవాలి. రిహార్సల్స్ బడి వదిలిన తరువాతనే పెట్టండి. పిల్లలను క్యారల్స్‌కు శనివారం రాత్రి మాత్రమే తీసికొనివెళ్ళి, తొమ్మిది గంటలకు ఇంటికి చేర్చండి. సెమీ క్రిస్మస్ ఆదివారం సాయంత్రం జరుపుకోవచ్చు. జనవరి ప్రార్థన కూటాల్లో పిల్లలు ఒక పాట పాడి వెళ్ళి పడుకుంటే దేవుడు కోపపడడు.

అమ్మమ్మగారి ఊరికి సంక్రాంతి సెలవుల్లో పంపండి. క్రిస్మస్‌కు తప్పక వెళ్ళవలసివస్తే, ఎన్ని రోజులో ముందుగా చెప్పి, సెలవు చీటీలో పండుగ అనే రాయండి. మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండాలని ప్రభువు నేర్పాడు. సెలవు చీటీ కూడా మన మాటే.

పండుగ కాగానే మిరప కోతలకు వలస వెళ్ళే కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. బిడ్డను వెంట తీసికొనిపోకండి. వలస వెళ్ళేవారి పిల్లల కోసం కొన్నిచోట్ల సీజనల్ హాస్టళ్ళు నడుపుతారు. మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగండి. లేకపోతే అవ్వ దగ్గర విడిచి వెళ్ళండి. ఆ రెండు మూడు నెలలు అవ్వకు తోడుగా ఉండి, పిల్లవాణ్ణి ఉదయాన్నే లేపి పంపే బాధ్యత స్త్రీల సమాజము తీసికోవాలి.

సంక్రాంతి సెలవుల్లో ఉదయం రెండు గంటలు చర్చి తలుపులు తెరవండి. చదువుకొన్న యౌవనస్థులు కూర్చుండి, మానిన పాఠాలు చెప్పాలి. పొరుగు పిల్లలు వచ్చినా సంతోషంగా చేర్చుకొనండి. గుడి మళ్ళీ బడి అవుతుంది.

ఆ బాబు ఇప్పుడు పిల్లల తండ్రి. మొన్న ఒక పెండ్లిలో కనబడ్డాడు. "అమ్మగారూ, నాటికలో నా మాటలన్నీ ఇంకా గుర్తున్నాయి" అన్నాడు నవ్వుతూ. నాకు మాత్రం "తగ్గిందండి" అన్న ఆ ఒక్క మాటే గుర్తుకొచ్చింది.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మీ పిల్లల ఉపాధ్యాయుల పేర్లు చెప్పి ప్రార్థించండి. పండుగ మరునాడు కేకు ముక్క ఒకటి కాగితంలో చుట్టి వారికి పంపండి. దానిని పట్టుకొని వెళ్ళేది మీ బిడ్డే కావాలి. ప్రభువు మీ ఇంటిని, మీ పిల్లల చదువులను దీవించును గాక. ఆమేన్.